వృద్ధి లేకపోవుటకు కారణము

ముందే ఒప్పుకుంటున్నాను. ఈ కథలో జరిగిన అనర్థానికంతటికీ కారకుణ్ణి నేనే. ఇంకొకరి మీదికి తోసేద్దామని చాలా ప్రయత్నించాను గాని, ప్రతి కాయితం కింద కుడివైపు మూల నా పొట్టి సంతకమే ఉంది.

నా పేరు కొప్పిశెట్టి సత్యలింగం. కాకినాడలో ఫారాల రూపకల్పన సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇలాంటి సంస్థ ఒకటుందని చాలామందికి తెలియదు. మీరెప్పుడైనా ఏదో ఆఫీసు కిటికీ ముందు నిలబడి, తండ్రి పేరు రాయాల్సిన గడిలో నాలుగక్షరాలు కూడా పట్టక, ఊరి పేరు పక్క గడిలోకి పాకిపోతే, ఈ ఫారం వేసినవాడెవడ్రా అని తిట్టుకునే ఉంటారు. ఆ ఎవడో నేనే. ఇరవై ఏడేళ్ళలో నాలుగు వందల పన్నెండు ఫారాలు వేశాను. గీతలు తిన్నగా ఉంటాయని రాష్ట్రస్థాయిలో పేరు. ముఖ్యంగా "కారణములు" అనే గడిని అరంగుళానికి మించనివ్వను. చోటెక్కువిస్తే జనం నిజాలు రాస్తారు.

నాలో ఒక లోపం ఉంది. ఫారాలు వెయ్యడమే గాని నింపడం నాకు రాదు. ఇంట్లో గ్యాసు కనెక్షను కాయితం దగ్గర్నుంచి రేషను కార్డు దాకా అన్నీ మా ఆవిడ వీరవేణే నింపుతుంది. మిఠాయి కొట్టువాడు మిఠాయి ముట్టనట్టు, నేను వేసిన ఫారంలో ఏముంటుందో నేనెప్పుడూ చదివి ఎరగను. గీతలు చూసుకుంటాను, అంతే.

పోయిన సంవత్సరం జూన్ నెలలో హెడ్డాఫీసు నుంచి "బల్లకో మొక్క" అనే ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఉద్యోగీ తనకు నచ్చిన కుండీ మొక్క ఒకటి దత్తత తీసుకుని, పనివేళల్లో బల్ల మీద ఉంచి పెంచాలి. మా డైరెక్టరు పరిమి దక్షిణామూర్తి గారు నన్ను పిలిపించారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో ఉప్పు అడిగినా "విషయము: ఉప్పు" అనే మొదలుపెడతారని చెప్పుకుంటారు.

"సత్యలింగం గారూ, కొలత లేని పచ్చదనం అడవి అవుతుంది. మనది అడవి కాదు, కార్యాలయం. ఈ పచ్చదనాన్ని శాతాలలోకి తీసుకురావలసిన చారిత్రక బాధ్యత మన సంస్థ మీద ఉన్నది. ఒక ఫారం రూపొందించండి."

నాకు ఒళ్ళు పులకరించింది. రెండు రోజుల్లో ఫారం హ-7 తయారుచేశాను. ఉద్యోగి పేరు, మొక్క పేరు, ఆరంభంలో ఆకుల సంఖ్య, ప్రస్తుతం ఆకుల సంఖ్య, వృద్ధి శాతం, చివర అరంగుళం మేర "వృద్ధి లేకపోవుటకు కారణము". ఆయన అంతవరకే అడిగారు. ఆగితే బాగుండేది. నేను అడుగున చిన్నక్షరాలతో ఇంకో ముక్క చేర్చాను: "ఎండిన, రాలిన ఆకులు తరుగుగా పరిగణించబడును. మార్చి 31 నాటికి ఇరవై అయిదు శాతము వృద్ధి చూపని ఉద్యోగి పదోన్నతికి అనర్హుడు."

ఆ ముక్క ఎందుకు చేర్చానో దాచను. మార్చి నెలాఖరుకి మా సూపరింటెండెంటు పదవీ విరమణ చేస్తున్నాడు. ఆ కుర్చీకి సీనియారిటీలో నేను మొదటివాణ్ణి, రేచల్ ప్రసన్న రెండోది. ప్రసన్నకి ముప్పై నాలుగేళ్ళు. పని తెలిసిన పిల్ల, దానికి తోడు పరీక్షలన్నీ పాసైంది. కాని ఆమె బల్ల మీద ప్లాస్టిక్ గులాబీ ఉండేది. ప్లాస్టిక్ గులాబీ పెట్టుకున్న మనిషి చేతిలో నిజం మొక్క బతకదని నేను లెక్క వేసుకున్నాను. ఇరవై ఏడేళ్ళుగా ఆ కుర్చీ వీపు మీద వేసిన తెల్ల తువ్వాలు వంకే చూస్తున్నవాణ్ణి. దాని కోసం ఒక చిన్న నిబంధన రాయడం నేరమని అప్పుడు తోచలేదు.

ఆదివారం వీరవేణి కనకాంబరం నారు కొనుక్కుంటానంటే కడియం నర్సరీలకు వెళ్ళాం. నేను ఒక ముసలాయన దగ్గర నిలబడి, "ఏమీ చెయ్యకపోయినా బతికే మొక్క ఉందా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, లోపలికి పోయి, ఇసకా గులకరాళ్ళూ నింపిన చిన్న కుండీ ఒకటి తెచ్చాడు. అందులో మొక్కేదీ కనబడలేదు.

"ఆ మధ్యలో ఉందండి. రాయిలాగుంది చూడండి, అదేనండి మొక్క. లిథోప్స్ అంటారండి. ఎడారిలో జంతువులు తినెయ్యకుండా రాయి యేషం ఏసుకుందన్నమాట."

చూశాను. బూడిదరంగు గులకరాయి, మధ్యలో ఒక చీలిక, అటో చెక్క ఇటో చెక్క. అవే ఆకులట. పొద్దుటెండ నాలుగు గంటలు తగిలితే చాలట. ఏడాది మొత్తానికి ఏ పది సార్లో నీళ్ళు.

"ఎక్కువ పోస్తే?"

"చచ్చిపోద్దండి. దీన్ని పట్టించుకున్నోళ్ళే చంపేస్తారండి. మర్చిపోయినోళ్ళ దగ్గర యాభై ఏళ్ళు బతుకుద్ది."

ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నన్ను ఇంతగా అర్థం చేసుకున్న వస్తువు ఇంకొకటి తగల్లేదు. ఏ ఫైలు వచ్చినా పక్కన పెట్టడం నా పద్ధతి. ఇన్నాళ్ళకి ఆ పద్ధతిలో పెరిగే ప్రాణి దొరికింది. తిరుగు ప్రయాణంలో బస్సులో కుండీ ఒళ్ళో పెట్టుకుని వీరవేణికి దాని గొప్ప చెప్పాను.

"పట్టించుకోకపోతే బతికే మొక్కా?" అంది ఆవిడ. "అయితే కొత్తేం ఉందండీ, పాతికేళ్ళుగా మన ఇంట్లో ఒకటుందిగా."

ఆఫీసులో మొదటి గండం మా అటెండరు బుల్లబ్బాయి. పేరు బుల్లబ్బాయి గాని మనిషికి యాభై ఎనిమిదేళ్ళు, మనవలున్నారు. ఉత్తర్వు ప్రకారం రోజూ పదిన్నరకి ప్రతి మొక్కకీ ఒక గ్లాసు నీళ్ళు పోసి, పుస్తకంలో టిక్కు పెట్టడం అతని డ్యూటీ.

"బుల్లబ్బాయ్, దీనికి పొయ్యకు. టిక్కు మాత్రం పెట్టేసుకో."

"అమ్మమ్మ, అలా ఎలా కుదురుద్దండీ? నీళ్ళు కదిల్తేనేనండి టిక్కు. అబద్ధం టిక్కు పెట్టినోణ్ణి కాదు నేను."

"పోస్తే చచ్చిపోతుందయ్యా."

అతను గ్లాసు తెచ్చి నా ముందు పెట్టాడు. "పోనీ మీరు తాగెయ్యండి. మొక్క తాలూకు మనిషే కదండీ."

అప్పట్నుంచి రోజూ పదిన్నరకి మొక్క వాటా నీళ్ళు నేను తాగుతూ వచ్చాను. బుల్లబ్బాయి ఎదురుగా నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యాక టిక్కు పెట్టేవాడు. నా మలబద్ధకం తగ్గింది.

రెండో గండం ఎండ. నా బల్ల దగ్గర ట్యూబులైటు తప్ప సూర్యుడు లేడు. వరండా కిటికీ గట్టు మీద మాత్రం ఎనిమిదింటి నుంచి పన్నెండు దాకా ఎండ పడుతుంది. పనివేళల్లో మొక్క బల్ల మీద ఉండాలన్నది నిబంధన. అందుకని పదింటికి ముందు రెండు గంటలైనా దానికి ఎండ చూపిద్దామని ఎనిమిదింటికే ఆఫీసుకి రావడం మొదలుపెట్టాను. గేటు కాపలావాడు మొదటిరోజు నన్ను దొంగ అనుకున్నాడు.

అలా రోజూ గట్టు పక్కన నిలబడి దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా, నాకు ఆ రాయి మీద ఇష్టం పుట్టింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను. దాని వీపు మీద సన్నటి గోధుమరంగు గీతలుండేవి. నేను గీసినవాటికంటే అవి బాగున్నాయి.

సెప్టెంబరు నెలాఖరున మొదటి లెక్కింపు జరిగింది. ఆ రోజు ఆఫీసులో ఇంకే పనీ జరగలేదు. ఆకులు కదలకూడదని ఫ్యాన్లు ఆపించారు. చెమటలు కక్కుతూ అందరం లెక్కపెట్టాం. రికార్డుల గుమస్తా ఒకాయన చింతమొక్క తెచ్చుకున్నాడు. దాన్ని లెక్కపెట్టడానికి ముగ్గుర్ని వేశారు. వెయ్యి దాటాక ఒకాయనకి తుమ్ము వచ్చి మళ్ళీ మొదటికొచ్చారు. కరివేపాకు రెమ్మ మొత్తం ఒక ఆకా, లేక పంతొమ్మిది ఆకులా అని హెడ్డాఫీసుకి స్పష్టీకరణ కోరుతూ లేఖ వెళ్ళింది. స్టోర్సు సెక్షనులో బ్రహ్మజెముడు పెంచుతున్నాయన, ముళ్ళు కూడా రూపం మారిన ఆకులేనని కాలేజీ లెక్చరరు దగ్గర సర్టిఫికెట్టు తెచ్చి, ఆరు వందల నలభై ఆకులు రాయించుకున్నాడు. ప్రసన్న ప్లాస్టిక్ గులాబీ తీసేసి మనీప్లాంటు తెచ్చుకుంది. నలభై ఆకులు యాభై రెండయ్యాయి.

నా వంతు వచ్చింది. జీవితంలో మొదటిసారి నేను వేసిన ఫారం నేనే నింపడానికి కూర్చున్నాను. ఆరంభంలో ఆకులు: రెండు. ప్రస్తుతం: రెండు. వృద్ధి: సున్నా. అడుగున చిన్నక్షరాలు చదివాను. మళ్ళీ చదివాను. ఎవడు రాశాడురా దీన్ని అనుకుని, కుడివైపు మూల సంతకం చూసి నోరు మూసుకున్నాను.

డైరెక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. "అయ్యా, ఈ మొక్కకి ఎప్పుడూ రెండే ఆకులుంటాయండీ. నూరేళ్ళు పెంచినా రెండే."

"అనగా వృద్ధి పట్ల దానికి సుముఖత లేదన్నమాట."

"దానికి ఒక మినహాయింపు..."

"సత్యలింగం గారూ, ఆ నిబంధన చదివినప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చినవి. అంత నిష్పక్షపాతంగా రాశారు. దానికి మినహాయింపు కోరుతున్నది మీరేనా?"

వేరే మొక్క మార్చుకోవచ్చునా అని అడిగాను. దత్తత రద్దుకు ఫారం లేదన్నారు. నిజమే, నేను వెయ్యలేదు.

ఫిబ్రవరిలో అద్భుతం జరిగింది. ఓ పొద్దున గట్టు దగ్గర చూద్దును కదా, రాయి మధ్య చీలిక వెడల్పయింది. లోపల లేతగా, నిగనిగలాడుతూ ఇంకో రెండు ఆకులు! రెండూ రెండూ నాలుగు. నూటికి నూరు శాతం వృద్ధి. నేను ఆఫీసంతా తిరిగి చెప్పాను. డైరెక్టరు గారు వచ్చి భూతద్దంతో చూసి, "శాతాల వారీగా ప్రాంతీయ ప్రథమం" అన్నారు. బ్రహ్మజెముడాయన ముఖం మాడ్చుకున్నాడు. ప్రసన్న మాత్రం నవ్వుతూ, "ఇంక కుర్చీ మీదేనండి లింగం గారూ. తువ్వాలు ఉతికించుకోండి," అంది. నిజంగానే ఆ సాయంత్రం ఓ తువ్వాలు కొన్నాను.

మార్చి రెండో వారానికి పాత ఆకులు వడలడం మొదలుపెట్టాయి. అంచులు ముడతలు పడ్డాయి. గాభరాపడి కడియం ముసలాయనకి ఫోను చేశాను.

"అది అలాగే అవ్వాలండి," అన్నాడాయన తాపీగా. "పాత ఆకుల్లో నీరేనండి కొత్తవి తాగేది. తాగేశాక పాతవి ఎండిపోయి పొట్టు మిగులుద్ది. మీరేం చెయ్యద్దు."

"ఎండకుండా ఉండాలంటే? మార్చి ముప్పై ఒకటి దాకా చాలు."

"ఓ గ్లాసు నీళ్ళు పోస్తే ఉంటాయండి. నాలుగూ నిగనిగలాడతాయి, ఓ రెండు వారాలు. ఆ తరవాత వేరుతో సహా కుళ్ళిపోద్ది. నీళ్ళెక్కువై చచ్చిన మొక్కకి వైద్యం లేదండి."

అంటే లెక్క తేలిపోయింది. ఒక గ్లాసు పోస్తే కుర్చీ దక్కుతుంది, మొక్క పోతుంది. పొయ్యకపోతే మొక్క ఉంటుంది, కుర్చీ పోతుంది.

శనివారం సాయంత్రం కుండీని ఇంటికి తెచ్చుకుని, వంటింటి కిటికీలో పెట్టి, గ్లాసుతో నిలబడ్డాను. వీరవేణి పప్పులో రాళ్ళు ఏరుతోంది.

"పొయ్యండి మరి. కుర్చీ కావాలిగా," అంది తలెత్తకుండా.

"పోస్తే చచ్చిపోతుందే."

"పోనీ పొయ్యకండి."

"ఇరవై ఏడేళ్ళే!"

ఆవిడ చేట పక్కన పెట్టి నా వంక చూసింది. "ఏవండీ, మీరు ఆరింటికి లేచి స్నానం చేసి పరిగెత్తడం నేను పెళ్ళయ్యాక ఈ మొక్క కోసమే చూశాను. నాకోసం కూడా ఎప్పుడూ అలా పరిగెత్తలేదు. అది పోతే మళ్ళీ తొమ్మిదింటికి లేస్తారు. ఆలోచించుకోండి. ఇప్పటికి అన్నానికి రండి."

నేను త్యాగం చేశానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. రేపు చూద్దాంలే అనుకున్నానంతే. ఆదివారం కూడా రేపు చూద్దామనుకున్నాను. సోమవారం బుల్లబ్బాయి గ్లాసు తెచ్చాడు, కుండీ వంక చూశాను, ఆ నీళ్ళు నేనే తాగేశాను. అలా రేపు రేపనుకుంటూ ఉండగా మార్చి ముప్పై ఒకటి వచ్చేసింది. నా జీవితంలో ఒక మంచి పని జరిగిందంటే అది వాయిదా వెయ్యడం వల్ల జరిగింది.

ముప్పై ఒకటిన లెక్కించారు. పచ్చగా ఉన్నవి రెండు. ఎండినవి రెండు, కాయితం ముక్కల్లా అంటుకుని ఉన్నాయి. ఫిబ్రవరిలో డైరెక్టరు గారు చూసి నమోదు చేయించిన నాలుగుతో పోలిస్తే తరుగు యాభై శాతం. కార్యాలయంలో అదే కనిష్ఠం. క్రోటను మొక్క చచ్చిపోయినాయన కూడా నాకంటే నయం, ఆయనకి సంతాప మినహాయింపు ఇచ్చారు. నాకు మెమో ఇచ్చారు: "రెండు ఆకుల నష్టమునకు బాధ్యత మీపై ఏల మోపరాదో తెలుపవలెను."

జవాబు రాయడానికి కూర్చున్నాను. అరంగుళం గడి కాదు, తెల్ల కాయితం. ఏమయిందో గాని పెన్ను ఆగలేదు.

"అయ్యా, సదరు పాత ఆకులు రెండును నష్టపోలేదని మనవి. అవి తమలోని నీటిని బొట్టు మిగల్చుకొనక కొత్త ఆకులకిచ్చి, పలచబడి, చోటు వదిలినవి. వాటిని తరుగు క్రింద వ్రాయుట న్యాయము కాదు. అవి ఎచ్చటికిని పోలేదు. కొత్త ఆకులలో ఉన్నవి."

డైరెక్టరు గారు అది మూడుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నాకు కుర్చీ మీద మళ్ళీ ఆశ పుట్టింది.

"సత్యలింగం గారూ, ఇది మొక్క సంగతి కాదండీ. ఇది మానవ వనరుల మహాసిద్ధాంతం. దీనిని మినహాయింపు లేకుండా రాష్ట్రమంతటా అమలు చేయవలసినదిగా హెడ్డాఫీసుకు సిఫారసు చేస్తున్నాను. లేఖ మీరే రాయండి."

రాశాను. బాగా రాశాను కూడా. పన్నెండు రోజుల్లో ఉత్తర్వు దిగింది.

"యాభై అయిదు సంవత్సరములు నిండిన ఉద్యోగులందరును ఇకపై పూర్వపత్రములుగా పరిగణించబడుదురు. వారు తమ అనుభవ సారమును నూతన పత్రములకు బదిలీ చేసి, క్రమేణ పలచబడవలెను. పదోన్నతులు నూతన పత్రములకే వర్తించును."

నాకు యాభై ఆరు. డైరెక్టరు గారికి యాభై ఎనిమిది. ఆయన ఉత్తర్వు పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చారు. మొట్టమొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. "ఏంటండీ ఇది? నేను కూడానా?"

"మినహాయింపు లేకుండా అని రాశాం కదండీ," అన్నాను.

ప్రసన్న సూపరింటెండెంటయింది. నా బల్లని ఆమె గదిలోకి జరిపారు, సారం బదిలీకి వీలుగా ఉంటుందని. అందుకు నేనే ఒక ఫారం వేశాను: ఇచ్చిన సారము, పుచ్చుకున్న సారము, మిగిలిన సారము. మూడో రోజు మధ్యాహ్నానికి "మిగిలిన సారము" గడిలో సున్నా వచ్చింది. ఇరవై ఏడేళ్ళ అనుభవం రెండున్నర రోజుల్లో అయిపోయింది. అందులోనూ ఒక పూట స్టేప్లరు ఎక్కడుంటుందో చెప్పడానికే పోయింది. కొన్న తువ్వాలు ప్రసన్నకిచ్చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. బాధ లేదని బుకాయించను, ఉంది.

ఆ గదిలో ఒక సౌఖ్యం ఉందని తరవాత తెలిసింది. తూర్పు కిటికీ. సారం అయిపోయిన మనిషికి ఇంకో పని లేదు గనక, మొక్కా నేనూ అక్కడే కూర్చునేవాళ్ళం.

నవంబరులో ఒక రోజు భోజనాలయ్యాక ప్రసన్న కేక పెట్టింది. "లింగం గారూ! ఇటు చూడండి!"

రాయి చీలికలోంచి పసుపు పచ్చటి పువ్వొకటి విచ్చుకుంటోంది. కింద మొక్క కనబడకుండా కప్పేసేటంత పువ్వు. బుల్లబ్బాయి గ్లాసుతో వచ్చి అలాగే నిలబడిపోయాడు. పైనుంచి డైరెక్టరు గారు దిగివచ్చారు. ఆయన విషయము అనలేదు, సూచిక అనలేదు. "అబ్బ," అన్నారు, అంతే. అయిదింటికి అది మళ్ళీ ముడుచుకునేదాకా ఎవరం బల్లల దగ్గరికి పోలేదు.

ఆ నెలాఖరున ప్రసన్న ఫారం హ-7 తీసింది. ఆకులు రెండు, ఇప్పుడూ రెండు, వృద్ధి సున్నా.

"పువ్వు ఎక్కడ రాయాలండి ఇందులో?"

ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా చోటు లేదు. నాలుగు వందల పన్నెండు ఫారాల్లోనూ ఉండదని నాకు తెలుసు.

"కొత్త గడి వేస్తారా?" అని స్కేలు నా ముందుకు జరిపింది. వెయ్యబుద్ధి కాలేదు. గడి వేస్తే వచ్చే ఏడాది పువ్వులకి కూడా శాతం కడతారు.

పెన్ను తీసుకున్నాను. చివర అరంగుళం గడి ఉంది కదా, వృద్ధి లేకపోవుటకు కారణము. అందులో నా చేత్తో రాశాను.

"పూసినది."

సరిగ్గా పట్టింది. ప్రసన్న కింద సంతకం పెట్టింది.